పోయిన ప్రేమ మీద నవల రాయబోతున్న నీకు

చిరంజీవికి, ఆశీస్సులు.

నీ నవల ప్రణాళిక రెండుసార్లు చదివాను. ఇరవై ఏళ్ల కిందట విడిపోయిన అమ్మాయిని మరిచిపోలేని మనిషి, ఆమె కోసం వెతుకులాట, చివరికి ఆమె తలుపు తట్టడం. రాయాల్సిన కథే, నువ్వు రాయగలవు కూడా. ఒక్కటి మాత్రం నన్ను కలవరపెట్టింది. అతనికి గుర్తొచ్చినవన్నీ జరిగిన సంగతులే అన్నట్టు రాసుకున్నావు. అలా రాస్తే మంచి ప్రేమకథ అవుతుందేమో గానీ, మనసు గురించిన నవల కాదు. జరిగినదానికీ గుర్తున్నదానికీ మధ్య ఉన్న ఎడంలోనే ఇలాంటి నవల నడుస్తుంది.

జ్ఞాపకం దాచిపెట్టిన చోట దాచినట్టే ఉండదు. బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ ఒక ఉత్తర అమెరికా ఆదివాసీ కథను అలాంటి కథలతో పరిచయం లేనివాళ్ల చేత చదివించి, కొంతకాలం తర్వాత మళ్లీ రాయించాడు. 1932లో దాని ఫలితాలు అచ్చువేశాడు. వాళ్లకు వింతగా తోచినవి జారిపోయాయి. సీల్ జంతువుల వేట కొందరి రాతలో చేపలు పట్టడమైంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు, తెలిసిన లోకానికి కథను సర్దుకున్నారంతే.

2000లో మెదడు శాస్త్రవేత్త కరీమ్ నాదర్ బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగం నీకు ఇంకా దగ్గరిది. ఒక శబ్దం వినిపించి షాక్ ఇచ్చి, ఆ శబ్దమంటే భయం నేర్పారు. తర్వాత ఆ శబ్దం మళ్లీ వినిపించి, వెంటనే మెదడులో ప్రోటీన్ల తయారీని ఆపే మందు ఎక్కిస్తే భయం పోయింది. శబ్దం వినిపించకుండా అదే మందు ఎక్కిస్తే భయం చెక్కుచెదరలేదు. అంటే తలచుకున్నప్పుడే జ్ఞాపకం మారడానికి వీలవుతుంది. ఎలుకల భయాన్ని తెచ్చి మనుషుల ప్రేమకు నేరుగా అంటగట్టమనడం లేదు. కానీ ఈ ఊహను నీ కథానాయకుడి పక్కన పెట్టి చూడు. ఆమెను రోజూ తలచుకున్నవాడి దగ్గరే ఆమె అందరికంటే ఎక్కువగా మారిపోయి ఉంటుంది. ఎప్పుడో ఒకసారి గుర్తుచేసుకునే పాత స్నేహితురాలికి ఆమె కాస్త సరిగ్గా గుర్తుండవచ్చు. నీ నవలకు వెన్నెముక ఇదే అని నా నమ్మకం.

దీన్ని ఎవరిచేతా చెప్పించకు, చూపించు. విడిపోయిన రోజు దృశ్యాన్ని మూడుచోట్ల రాయి. మొదటిసారి: బస్టాపులో వాన వెలిసింది, ఆమె గొడుగు మడుస్తూ "ఆలస్యమైంది, వెళ్తాను" అంది. నూరు పేజీల తర్వాత: వాన పడుతూనే ఉంది, గొడుగు అతని చేతిలో ఉంది. చివరిసారి: ఆమె గొడుగు కింద నిలబడి "వెళ్లనా?" అని అడిగింది. ఈ మార్పు సంగతి కథకుడు గమనించకూడదు. స్నేహితుడెవరూ వచ్చి "అప్పుడలా చెప్పలేదే" అనకూడదు. పాఠకుడు తనంతట తాను వెనక్కి పేజీలు తిప్పాలి. ప్రతి మార్పుకూ అతని మనసులో ఒక అవసరం ఉండాలి. తను ఆపివుంటే ఆమె ఆగిపోయేదని అతను నమ్మాలి, అందుకే ఆ మాట ప్రశ్నగా మారింది. అవసరం లేని మార్పు రచయిత పొరపాటులా కనిపిస్తుంది.

అందుకని రాయడం మొదలుపెట్టే ముందు ఆ రోజు నిజంగా ఏం జరిగిందో విడిగా ఒక నోటుపుస్తకంలో, సాక్షి వాంగ్మూలంలా పొడిపొడిగా రాసుకో. ఆ పేజీ నవలలో ఎక్కడా రాకూడదు.

పక్కవాళ్ల ప్రశ్నలు కూడా జ్ఞాపకాన్ని మలుస్తాయి. 1974లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ విద్యార్థులకు కారు ప్రమాదం ఫిల్ము చూపించి, కార్ల వేగం ఎంత అని అడిగారు. కొందరిని "ఢీకొట్టుకున్నప్పుడు" అని, కొందరిని "తగిలినప్పుడు" అని. వారం తర్వాత పగిలిన గాజు చూశారా అంటే, మొదటి గుంపులో 50 మందిలో 16 మంది, రెండో గుంపులో 50 మందిలో 7 గురు చూశామన్నారు. ఫిల్ములో పగిలిన గాజే లేదు. నీ కథలో అతని అన్న "ఆ పిల్ల నిన్ను వదిలేసి పోయినప్పుడు" అని మాట కలుపుతాడనుకో, అక్కణ్ణుంచి అతని గతం ఇంకో దారి పడుతుంది.

ఇక వ్యామోహం. మనస్తత్వ శాస్త్రవేత్త డొరొతీ టెన్నోవ్ 1979లో ఈ స్థితి గురించి రాస్తూ, దాన్ని బతికించేవి ఆశ, అనిశ్చితి అంది. పూర్తిగా దక్కినా, పూర్తిగా పోయినా చల్లారుతుంది. కాబట్టి ఆమె అతనికి స్పష్టంగా "వద్దు" అని చెప్పలేదా, చెప్పినా అతను వినలేదా అన్నది ముందే తేల్చుకో. రెండూ వేర్వేరు నవలలు. తపన, వేదన లాంటి మాటలు కొట్టేసి అతను చేసే పనులు రాయి. ఆమె ఆన్‌లైన్‌లో కనిపించిన సమయాలు చూసుకుంటూ కూర్చుని, కూతుర్ని బడి నుంచి తీసుకురావడం మరిచిపోతాడు. గేటు దగ్గర ఆ పిల్ల ఎంతసేపు నిలబడిందో రాయి. అతని ప్రేమకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో అప్పుడు తెలుస్తుంది.

మానసిక వైద్యుణ్ణి పెట్టి జబ్బు పేరు చెప్పించే అధ్యాయం తీసెయ్యి. అది లేకపోయినా కథకు లోటు లేదు.

తలుపు తట్టే ఘట్టాన్ని నువ్వు అతని వైపు నుంచే ఊహించుకున్నావు. నాకు లోపలున్న మనిషి గురించి దిగులుగా ఉంది. ఇరవై ఏళ్ల తర్వాత చిరునామా వెతుక్కుని వచ్చి గుమ్మంలో నిలబడ్డవాణ్ణి చూసి ఆమెకు భయం వేస్తుంది, వెయ్యాలి కూడా. దాన్ని అందమైన సంగీతంతో కప్పెయ్యకు. ఆమెకు సొంత అధ్యాయం ఒకటి ఇవ్వు. అందులో ఆ బస్టాపు రోజు అసలు లేకపోతే బాగుంటుందని నాకనిపిస్తోంది. ఆమెకు గుర్తున్నది వేరే రోజు, అతను గట్టిగా గొంతు లేపిన రోజు, అతని జ్ఞాపకాల్లో ఎక్కడా రాని రోజు.

మొదటి అధ్యాయం మెరుగులు తర్వాత చూద్దాం. ముందు ఆమె అధ్యాయం రాసి పంపు. చదవగానే జవాబు రాస్తాను.

శుభాకాంక్షలతో,
నీ పెద్దనాన్న