రాగి బిస్కెట్లకి మారినా షుగర్ తగ్గలేదేం?

ప్రశ్న: నా వయసు 43. గుంటూరులో ఉంటాను. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని. బరువు 78 కిలోలు. మూడు నెలల కిందట హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ ఎంతో చూపే రక్తపరీక్ష) 6.1 వచ్చింది. మందులు అక్కర్లేదు, తిండి మార్చుకోమన్నారు. సాయంత్రం బజ్జీలు, పునుగులు మానేసి రాగి బిస్కెట్లు, మల్టీగ్రెయిన్ చిప్స్ తింటున్నాను. మొన్న మళ్లీ చేయిస్తే 6.2 ఉంది. అయిదయ్యేసరికి ఆకలికి ఆగలేకపోతున్నాను. ఏం తింటే మంచిది?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ 6.2 గురించి టెన్షన్ పడకండి. ఈ పరీక్షలో అంత చిన్న తేడా మామూలే. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్ అంటాం, 6.5 నుంచి షుగర్ జబ్బు కింద లెక్క. అంటే మీరింకా గట్టు మీదే ఉన్నారు. కానీ తిండి మార్చాననుకుంటున్నారు చూడండి, అక్కడే తేడా వచ్చింది. నిజానికి మారింది ప్యాకెట్టే.

ఆ బిస్కెట్ ప్యాకెట్ ముందు రాగి కంకి బొమ్మ ఉంటుంది. వెనక్కి తిప్పండి. వాడిన దినుసుల్ని ఎక్కువ బరువున్నదాంతో మొదలుపెట్టి వరసగా రాయాలన్నది నిబంధన. చాలా ప్యాకెట్లలో మొదట కనిపించేది మైదా, తర్వాత చక్కెర, పామాయిల్. రాగిపిండి ఎక్కడో ఆ వెనకాల ఉంటుంది. 100 గ్రాములకి చక్కెర 20 గ్రాములని రాసి ఉందనుకోండి. మీరు టీతో 40 గ్రాముల బిస్కెట్లు తింటే 8 గ్రాములు, అంటే దాదాపు రెండు చిన్న చెంచాల చక్కెర తిన్నట్టే. టీలో వేసుకున్నది వేరే. ‘షుగర్ ఫ్రీ’ అని రాసినా మైదా మైదానే, అదీ రక్తంలోకి గ్లూకోజ్‌గానే చేరుతుంది. ఇక చిప్స్ ఎన్ని ధాన్యాలతో చేసినా, నూనెలో వేయించాక చిప్సే.

అసలు అయిదింటికి అంత ఆకలి ఎందుకేస్తోంది? మధ్యాహ్నం ఏం తింటున్నారో మీరు రాయలేదు. రాయకపోయినా ఊహించగలను, ఎందుకంటే చాలా ఏళ్లు నేను తిన్నదీ అదే. పప్పుతో కాస్త అన్నం, కూరతో ఇంకాస్త, చారులోకి మళ్లీ కొంచెం, చివర పెరుగన్నం లేకపోతే భోజనం చేసినట్టే ఉండదు. వంటకం మారిన ప్రతిసారీ కంచంలోకి అన్నం వస్తూనే ఉంటుంది. 100 గ్రాముల అన్నంలో పిండిపదార్థం సుమారు 28 గ్రాములు, ప్రొటీన్ మూడు గ్రాములు కూడా ఉండదు. కడుపు నిండుతుంది, తూగు వస్తుంది, నాలుగు దాటగానే మళ్లీ ఆకలి. రోజంతా తీసుకునే కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. మన భోజనాల్లో చాలావరకు ఆ గీత ఎప్పుడో దాటిపోయి ఉంటాయి.

అన్నం మానేయమనడం లేదు. మీకు అలవాటైన దాంట్లో సగం, ఒక్కసారే వడ్డించుకోండి. దాంతోనే పప్పూ కూరా తినేయాలి. పప్పు నీళ్లగా కాకుండా ముద్దగా, గరిటెన్నర వేసుకోండి. బీరకాయో సొరకాయో గోరుచిక్కుడో, కూర అన్నమంత ఉండాలి. ముందు నాలుగు ముద్దలు ఉత్త కూరే తినండి. చారు గ్లాసులో పోసుకుని తాగండి. పెరుగు గిన్నెలో వేసుకుని చెంచాతో తినండి. మొదటి వారం వెలితిగా ఉంటుంది, నాకూ ఉండింది. ఆవకాయ మానమని గుంటూరువాళ్లకి చెప్పే ధైర్యం నాకు లేదు గానీ, ఉప్పు మొత్తం రోజుకి 5 గ్రాములు దాటకూడదు, అందులో పచ్చడిదీ ఉంటుంది.

సాయంత్రానికి నా ఓటు గుగ్గిళ్లకే. రాత్రి గుప్పెడు శనగలో బొబ్బర్లో నానబెట్టండి. పొద్దున చిటికెడు ఉప్పేసి కుక్కర్‌లో మెత్తబడేదాకా ఉడికించి, చెంచా నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టి డబ్బాలో వేసుకోండి. ఆఫీసులో తినేముందు ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం కలుపుకుంటే చాలు. శ్రావణమాసంలో వాయనం శనగలు ఇంటినిండా ఉంటే ఏం చేయాలో తెలియక తలపట్టుకుంటాం, మిగతా పదకొండు నెలలూ బిస్కెట్లు కొంటాం! వండే తీరిక లేనిరోజు వేయించిన శనగలు, ఉడికించిన గుడ్డు, జామకాయ ఏదైనా సరే. పల్లీలు మంచివే, కానీ గుప్పెడే, 100 గ్రాములకి 560 కేలరీల పైనే ఉంటాయి. మరమరాలు తేలిగ్గా ఉంటాయని గిన్నెడు తినకండి, అవీ బియ్యమే.

టీలో చక్కెర వారానికి అర చెంచా చొప్పున తగ్గించండి, నాలుక అలవాటుపడుతుంది. బదులుగా బెల్లం వేస్తే ఒరిగేదేమీ లేదు. టిఫిన్‌కి పెసరట్టు చాలా మంచిది, అయితే మధ్యలో ఉప్మా పెట్టించుకోకండి. మిర్చి బజ్జీ నెలకో రెండుసార్లు, రెండు తింటే కొంపలేం మునగవు. బండి దగ్గర మూకుడులో నూనె నల్లబడిందో లేదో ఓసారి చూసుకోండి.

మధ్యాహ్నం తిన్నాక పది నిమిషాలు నడవండి. బరువు నాలుగైదు కిలోలు తగ్గినా షుగర్ జబ్బుగా మారే ముప్పు బాగా తగ్గుతుంది. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీతో పాటు హిమోగ్లోబిన్ కూడా చేయించండి, రక్తహీనత ఉంటే ఆ అంకె తప్పుగా చూపించొచ్చు. ఈలోగా అతిదాహం వేసినా, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి వస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఆగకుండా డాక్టర్‌ని కలవండి. వెళ్లేటప్పుడు మీ మధ్యాహ్నం కంచాన్ని వారం రోజులు ఫోన్‌లో ఫొటో తీసి పట్టుకెళ్లండి, తినడం మొదలుపెట్టకముందు తీసినవి.