సైరన్ వినిపిస్తుంది, దిక్కు తెలియదెందుకు?

ప్రశ్న: కారు నడుపుతుండగా అంబులెన్స్ సైరన్ బాగానే వినిపిస్తుంది కానీ, అది వెనక నుంచి వస్తోందో, ఎదురుగా వస్తోందో, పక్క వీధిలో ఉందో తేల్చుకోలేక తికమకపడుతున్నాను. నా వినికిడిలో లోపమేమైనా ఉందంటారా?

జవాబు: ఈ తికమక ఒక్కటే అయితే మీ చెవులను అనుమానించనక్కరలేదు. కుడివైపు మోగిన శబ్దం ఎడమ చెవికి కొంచెం ఆలస్యంగా, తల అడ్డుపడటం వల్ల కొంచెం తగ్గి చేరుతుంది. ఆ ఆలస్యం మహా అయితే 0.7 మిల్లీసెకన్లు ఉంటుంది. మంద్రధ్వనులలో ఈ ఆలస్యమూ, కీచుధ్వనులలో తీవ్రతలోని తేడా దిక్కును పట్టిస్తాయని 1907లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ వివరించాడు. వీటికి నడుమ, ఇంచుమించు 1500 నుంచి 3000 హెర్ట్జ్‌ల (సెకనుకు కంపనాల) వరకు, రెండు ఆధారాలూ బలహీనపడతాయి. పైకీ కిందికీ ఊగే సైరన్ స్వరం తరచుగా ఈ ఇబ్బందికరమైన చోటికే ఎగబాకుతుంది.

ముందువెనకల సంగతి మరీ చిక్కు. శబ్దం సరిగ్గా ఎదుట ఉన్నా, సరిగ్గా వెనక ఉన్నా రెండు చెవులనూ ఒకేసారి, ఒకే తీవ్రతతో తాకుతుంది కనుక, అప్పుడు చెవి డొప్ప మడతలు ధ్వనిలో తెచ్చే సూక్ష్మమైన మార్పులే మనకు దిక్కు. అవి ముఖ్యంగా 4000 హెర్ట్జ్‌లకు పైబడిన ధ్వనులలో కనబడతాయి. సైరన్ బలం చాలావరకు అంతకు దిగువనే ఉంటుంది, ఉన్న కాస్త కీచుధ్వనినీ మూసిన అద్దాలు వడకట్టేస్తాయి. లోపలికి చొరబడిన శబ్దం పైకప్పుకూ అద్దాలకూ తగిలి అన్ని వైపుల నుంచీ వస్తున్నట్టు తోస్తుంది. మీ పక్క అద్దం ఒక్కటే దించి చూడండి, సైరన్ ఎటున్నా ఆ కిటికీలోంచే వస్తున్నట్టు అనిపిస్తుంది! కూడళ్లలోనైతే, మలుపు చాటున ఉన్న బండి కన్నా ఎదుటి గోడ మీది ప్రతిధ్వనే ముందు చెవిన పడవచ్చు.

స్వరం హెచ్చితే దగ్గరవుతున్నట్టు, తగ్గితే దూరమవుతున్నట్టు అని కొందరు చెబుతారు. స్వరమే ఊగుతూ ఉండే సైరన్ విషయంలో ఆ లెక్కను నమ్ముకోలేం.

పాటలు ఆపి, రెండు వైపుల అద్దాలూ సమానంగా దించి, రోడ్డు మీది నుంచి చూపు తప్పకుండా తలను కొద్దిగా కుడికి తిప్పండి. శబ్దం ఎదుట ఉంటే ఎడమ చెవికి, వెనక ఉంటే కుడి చెవికి ఎక్కువగా వినిపిస్తుంది. అలాగని చెవుల తీర్పు కోసమే వేచి ఉండకుండా, వేగం తగ్గించి వెనక చూపే అద్దాలలో మెరిసే దీపాల కోసం వెతకండి.