పాత అంబాసిడర్‌కి లెదర్ సీట్లు, ఇంటికి పదమూడు రోజుల డబ్బు

ప్రశ్న: నా వయసు 41. ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. చేతికి నెలకు 92,000 వస్తుంది. ఇంటి ఖర్చులు 48,000, హోమ్ లోన్ ఈఎంఐ 27,000. భార్య గృహిణి, ఇద్దరు పిల్లలు, 68 ఏళ్ల అమ్మ మాతోనే ఉంటుంది. నాన్నగారి 1969 మోడల్ అంబాసిడర్ మార్క్ 2, రెండేళ్ల క్రితం ఆయన పోయినప్పటి నుంచి కదలకుండా ఉంది. దాన్ని పూర్తిగా రీస్టోర్ చేయించి, లోపల నాకు నచ్చినట్టు లెదర్ సీట్లు, చెక్క డ్యాష్‌బోర్డు పెట్టించాలని ఉంది. షెడ్డు వాళ్లు చెప్పిన లెక్క: టింకరింగ్, పెయింటింగ్ 3.2 లక్షలు, ఇంజిన్, గేర్‌బాక్స్, బ్రేకులు 1.3 లక్షలు, ఇంటీరియర్ 2.6 లక్షలు, క్రోమ్, బీడింగ్ 1.1 లక్షలు, వైరింగ్ 80,000. మొత్తం 9 లక్షలు. నా ఎఫ్‌డీలో 3.4 లక్షలు ఊరికే పడి ఉన్నాయి. అందులో 3 లక్షలు తీసి, మిగతా 6 లక్షలకు 14 శాతంతో ఐదేళ్ల పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. గోల్డ్ లోన్ అయితే మేలా? పూర్తయ్యాక కారు 12 లక్షలు పలుకుతుందంటున్నారు, దీన్ని పెట్టుబడి అనుకోవచ్చా? లెదర్ కోసం ఇప్పటికే 25,000 అడ్వాన్సు ఇచ్చాను. (పేరు వద్దన్నారు)

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట కారు గురించిది కాదు. ‘ఊరికే పడి ఉన్నాయి’ అన్నది. వారానికి ఒకరైనా ఈ మాట రాస్తారు. ఒకరికి పెళ్లి, ఒకరికి స్థలం, మీకు అంబాసిడర్. ఎమర్జెన్సీ ఫండ్‌ని అందరూ పనీపాటా లేని డబ్బులాగే చూస్తారు. అవసరం పడనన్నాళ్లూ అది ఊరికే పడి ఉండాల్సిందే, దాని ఉద్యోగమే అది. అందుకే మీ ఉత్తరం ఎంచుకున్నాను.

మీరు వేసుకోని లెక్క ఒకటి వేద్దాం. 6 లక్షలకు 14 శాతంతో ఐదేళ్లకు ఈఎంఐ సుమారు 13,960. ఇంటి ఖర్చులు, హోమ్ లోన్ కలిపి ఇప్పుడు 75,000. దీన్ని కలిపితే 89,000. జీతంలో మిగిలేది మూడు వేలు. ఎఫ్‌డీలో మిగిలేది 40,000. రేపు ఉద్యోగం పోతే ఆ 40,000 మీ ఇంటిని పదమూడు రోజులు నడుపుతుంది. పద్నాలుగో రోజు ఎవర్ని అడుగుతారు?

మీ ఇంట్లో సంపాదించేది మీరొక్కరే. అలాంటి ఇంటికి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలని నేను పట్టుబడతాను. అంటే 4.5 లక్షలు. మీ దగ్గరున్నది 3.4. అంటే ఎఫ్‌డీలో మిగులు ఏమీ లేదు, ఇంకా 1.1 లక్షల లోటు ఉంది. పైగా కొత్త లోన్ తీసుకున్న రోజునే ఆ ఆరు నెలల అవసరం 5.34 లక్షలకు పెరుగుతుంది. అప్పు చేసిన కొద్దీ ఎమర్జెన్సీ ఫండ్ పెరగాలి. అందరూ చేసేది దీనికి తలకిందులు: అప్పు చేసే రోజునే ఫండ్ కూడా ఖాళీ చేస్తారు.

పాత కారు పనిలో ఈ తప్పు ఇంకా ప్రమాదం. ఇల్లు కడుతూ మధ్యలో ఆపినా గోడలు గోడలుగా ఉంటాయి. కారు పని మధ్యలో ఆగితే అలా ఉండదు. ఇంజిన్ ఒక మూల, సీట్లు ఒక మూల, బీడింగ్ గోనెసంచిలో, నట్లు బోల్టులు డబ్బాల్లో ఉంటాయి. అలా విప్పేసిన కారు, విప్పకముందు పలికే ధర కూడా పలకదు. కొనేవాడికి ఏ ముక్క ఉందో ఏది పోయిందో తెలియదు మరి. (నా పాత స్కూటర్ గేర్‌బాక్సు నాలుగేళ్లు సంచిలో పడుంది. అది స్కూటర్ కాబట్టి నవ్వుకున్నాం.) మీ విషయంలో పని ఆగినా ఈఎంఐ ఆగదు, షెడ్డు అద్దె అడిగినా అడుగుతారు.

పని ఆగదనే నమ్మకం ఏమిటి? ఆ 9 లక్షలు కారు విప్పకముందు చెప్పిన మాట. అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. దానికి మూలమైన మారిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచీ అంతే. కాబట్టి ఫ్లోరు, డోర్ల కింద సిల్లు తుప్పు పట్టాయంటే అది అందానికి సంబంధించిన సంగతి కాదు, కారు బలానికే సంబంధించినది. మ్యాట్లు, లైనింగ్ తీసి, పాత పుట్టీ గీకితే గానీ ఎంత రేకు మార్చాలో ఏ మేస్త్రీ కూడా చెప్పలేడు. రెండేళ్లుగా కదలని కారు అంటున్నారు. లెక్క పాతిక శాతం పెరిగిందనుకోండి, ఇంకో 2.25 లక్షలు. నెలకు మూడు వేలు మిగిలే మీరు దాన్ని ఎక్కడి నుంచి తెస్తారు? నాకు తెలుసు, క్రెడిట్ కార్డు. నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ. ఇక ఆ కథ నన్ను అడక్కండి.

గోల్డ్ లోన్ సంగతి. వడ్డీ తక్కువే, నిజం. కానీ ఆ బంగారం కూడా మీ ఇంటి ఎమర్జెన్సీ ఫండే, రూపం వేరు. బంపర్‌కి క్రోమ్ పూయించడానికి ఇంట్లో బంగారం తాకట్టు పెడతానంటే నేను ఒప్పుకోను. హోమ్ లోన్ టాప్‌అప్ (ఉన్న లోన్ మీదే ఇంకొంత అప్పు) గురించి మీరు అడగలేదు, ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి ముందే చెప్తున్నా: వద్దు.

ఇది పెట్టుబడా? 6 లక్షల లోన్‌కి ఐదేళ్లలో కట్టే వడ్డీ సుమారు 2.38 లక్షలు. 9 లక్షల పని మీకు పడేది 11.38 లక్షలకు. 12 లక్షలు పలికినా మిగిలేది అరవై వేలు, అదీ ఒక్క రూపాయి కూడా అదనపు ఖర్చు రాకపోతే. పైగా పాత అంబాసిడర్ కోసం తిరిగేవాళ్లు చాలామంది ముందు బెంచ్ సీటు, స్టీరింగ్ పక్కన గేరు, పాత మీటర్లు ఉన్నాయా అని చూస్తారు. మీకు నచ్చిన లెదరు, మీకు నచ్చిన చెక్క మీకు ఆనందం, కొనేవాడికి మళ్లీ మార్చుకోవాల్సిన ఖర్చు. సొంత వాడకం కారు అమ్మితే లాభం మీద పన్ను ఉండదు. నష్టం వస్తే ఎక్కడా సర్దుబాటు చేసుకోవడానికీ ఉండదు. నాన్నగారి కారు కాబట్టి చేయించుకుంటున్నాను అనండి, నేను గౌరవిస్తాను. పెట్టుబడి అని మాత్రం అనకండి.

ఇంకోటి, మీరు రాయలేదు గానీ నాకు అనుమానంగా ఉంది. ఆర్‌సీ ఇంకా నాన్నగారి పేరునే ఉందా? యజమాని చనిపోతే 30 రోజుల్లో ఆర్టీఓకి తెలియజేయాలి, మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. రెండేళ్లయిందంటున్నారు. ఆలస్యమైనా ముందు ఆ పని కానివ్వండి. అమ్మగారు, తోబుట్టువులు ఉంటే వాళ్లూ వారసులే, వాళ్ల సమ్మతి కాగితం మీద ఉండాలి. మీ పేరున లేని కారుకు 9 లక్షలు పెట్టి, రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిము దగ్గర మొదటి ప్రశ్న అదే వస్తుంది.

రిజిస్ట్రేషన్ వ్యవహారం కూడా ఇప్పుడే తేల్చుకోండి. యాభై ఏళ్లు దాటిన సొంత కార్లకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. అయితే ఆ నంబరుతో రోజూ తిరగకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతులు, అంతే. ఇంజిన్, బాడీ షెల్ పెద్దగా మార్చేస్తే ఆ అర్హత కూడా ఉండదు. ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని తిరగాలన్నది మీ ఆలోచన అయితే మామూలు రిజిస్ట్రేషనే రెన్యూవల్ చేయించుకోవాలి. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో ఆ ఫీజు 10,000 చేశారు. మీ కారు ఎటు వెళ్తుందో తెలియకుండా షెడ్డు వాళ్లకు పని చెప్పకండి. రంగు మార్చినా ఆర్‌సీలో ఎక్కించాలి.

కారు ఇన్సూరెన్స్: ఐదేళ్లు దాటిన బండికి ఐడీవీకి (కారు పూర్తిగా పోతే కంపెనీ లెక్కగట్టే విలువకి) కచ్చితమైన పట్టిక లేదు, మీరూ కంపెనీ ఒప్పుకున్నదే విలువ. కాబట్టి పని పూర్తయ్యాక బిల్లులు, ఫొటోలు చూపించి విలువ రాయించుకోండి. లెదర్ సీట్ల లాంటివి యాక్సెసరీలుగా విడిగా చూపించకపోతే క్లెయిములో లెక్కకు రావు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు మామూలు పాలసీ సగమే ఇస్తుంది. కారు షెడ్డులో ఉన్నన్నాళ్లూ కనీసం అగ్నిప్రమాదం, దొంగతనం వరకు కవర్ ఇస్తారేమో అడగండి. వెల్డింగ్ రవ్వలు ఎగిరే చోట మీ కారు ఉంటుంది.

కానీ కారు ఇన్సూరెన్స్ కంటే ముందు అమ్మగారిది. మీ ఉత్తరంలో హెల్త్ ఇన్సూరెన్స్ మాటే లేదు. కంపెనీ పాలసీ ఉందనే అనుకుంటాను. అందులో అమ్మగారు ఉన్నారా? ఉన్నా, ఉద్యోగం పోయిన రోజునే అదీ పోతుంది. జీతమూ, కవరూ ఒకేసారి ఆగిపోయే ఏర్పాటు మీద 68 ఏళ్ల మనిషి ఆరోగ్యాన్ని వదిలేయకూడదు. వయసు ఎక్కువని పాలసీ దొరకదనే భయం వద్దు, కొత్త పాలసీకి 65 ఏళ్ల గరిష్ఠ పరిమితి 2024లో తీసేశారు. ముందునుంచే ఉన్న బీపీ, సుగర్ లాంటివాటికి గరిష్ఠంగా మూడేళ్ల వెయిటింగ్ ఉంటుంది, అప్పటిదాకా వాటికి క్లెయిము రాదు. ఎంత ముందు తీసుకుంటే ఆ గడువు అంత ముందు తీరుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్, లైఫ్ ప్రీమియంల మీద జీఎస్టీ కూడా లేదు. అమ్మగారికి విడిగా ఒకటి, మీ నలుగురికీ కలిపి ఒకే పాలసీగా ఒక ఫ్లోటర్, మీకు టర్మ్ పాలసీ లేకపోతే అది. ఈ మూడూ తీసుకునేదాకా షెడ్డు వైపు వెళ్లకండి.

ఇవన్నీ చెప్పి కారు అలాగే కుళ్లిపోనివ్వమంటానా? లేదు. ఇప్పుడు నెలకు 17,000 మిగులుతోంది. ప్రీమియంలు పోను 12,000 అనుకుందాం. మొదటి తొమ్మిది నెలలు అది ఎమర్జెన్సీ ఫండ్ లోటుకు. ఆ తర్వాత ప్రతి నెలా కారు పేరు మీద రికరింగ్ డిపాజిట్. మీ 9 లక్షల్లో ఇంటీరియర్, క్రోమ్ కలిపి 3.7 లక్షలు. వాటిని పక్కన పెడితే కారు నడవడానికి కావాల్సింది 5.3 లక్షలు. నెలకు 12,000 చొప్పున మూడున్నరేళ్ల పైమాటే, బోనస్‌లు ఇంక్రిమెంట్లు వేస్తే కాస్త ముందే. యాభై ఏళ్లు దాటిన కారుకు ఇంకో నాలుగైదేళ్లు లెక్కా?

ఇంటీరియర్‌ని చివరకు పెట్టమంటున్నది డబ్బు కోసమే కాదు, పని వరస కూడా అదే. ముందు తుప్పు, రేకు, వెల్డింగ్. తర్వాత ఇంజిన్, బ్రేకులు. ఆపై వైరింగ్, పెయింట్. సీట్లు, డోర్ ప్యాడ్లు, రూఫ్ లైనింగ్ అన్నిటికంటే ఆఖరు. మీరు ఫ్లోరు ఎలా ఉందో చూడకుండానే దాని మీద పరిచే సీట్ల లెదర్‌కు అడ్వాన్సు ఇచ్చారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పాత సీట్లతోనే కారు నడుస్తుంది. తుప్పు పట్టిన ఫ్లోరుతో నడవదు. ప్రతి దశకూ డబ్బు పూర్తిగా చేతికొచ్చాకే ఆ దశ మొదలుపెట్టండి, అప్పుడు ఎక్కడ ఆగినా కారు ఒక రూపంలో ఉంటుంది.

ఈ మధ్యలో ఖర్చు లేని పని ఒకటి ఉంది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇంజిన్, బ్రేకుల సామాను వెతికితే దొరుకుతుంది గానీ మార్క్ 2 గ్రిల్, బీడింగ్, హబ్ క్యాప్‌ల లాంటివి పాత బండ్ల నుంచి తెచ్చుకోవాల్సిందే. మీ కారుకు ఉన్నవి ఫొటో తీసి, లెక్క రాసి, ఇంట్లో పెట్టుకోండి. షెడ్డులో వదలకండి. సొట్టపోయిన పాత బంపర్‌ని సరిచేయించి మళ్లీ క్రోమ్ చేయించడం కొత్తది వెతకడం కంటే చాలాసార్లు తేలిక.

ఇక ఆ 25,000. ముందు ఆ సీట్ల ఆయన దగ్గరకు వెళ్లి, పని కొన్నేళ్లు వాయిదా పడుతోందని చెప్పి వెనక్కి అడగండి. లెదర్ ఇంకా కోయలేదంటే కొంతైనా ఇస్తారు. ఇవ్వనంటే వదిలేయండి. ‘అడ్వాన్సు ఇచ్చేశాను కదా’ అని మిగతా 2.35 లక్షలు కూడా ఇవ్వకండి. అదే రోజు వేరే ఒక టింకరింగ్ మేస్త్రీని పిలిచి, మీ ఎదురుగా కారు మ్యాట్లు ఎత్తించి ఫ్లోరు, సిల్లు చూపించండి. రేకు ఎంత పోయిందో కాగితం మీద రాయించుకుని, కావాలంటే ఆ లెక్కతో మళ్లీ రాయండి.