టేకుతో గిటార్ చేపిస్తే సౌండ్ మంచిగ వస్తదా?

వరంగల్ల దొరికే టేకును గిటార్ వెనక చెక్కకు, పక్కలకు పెట్టొచ్చు గానీ, ముందు చెక్కకు పెడితే సౌండ్ తగ్గిపోతది, అక్కడ స్ప్రూస్ లేదా సీడర్ అనే తేలికైన విదేశీ చెక్క ఉండాలె. ఎందుకంటే తీగ ఒక్కటే కదిలితే గాలి పెద్దగ కదలదు, ఆ ఊపు బ్రిడ్జి (ముందు చెక్క మీద తీగలు ఆనే పట్టీ) నుంచి ముందు చెక్కకు పోయి, 3 మిల్లీమీటర్ల అటు ఇటు మందం ఉండే ఆ పలక అదిరితేనే మనకు వినిపిస్తది. అందుకే అది తేలికగ ఉండాలె, తీగల గుంజుడుకు వంగొద్దు కూడా. స్ప్రూస్ క్యూబిక్ మీటరుకు 400-450 కిలోలు ఉంటది, టేకు 650 దాక పోతది, అంత బరువును తీగ సరిగ్గ ఊపలేదు. ఒట్టి తేలిక ఉన్నా సాలదు, నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెక్క చానా తేలికనే కానీ మెత్తన, తీగల లాగుడుకు ఆగదు.

వెనక, పక్కలకు రోజ్‌వుడ్ అనే ఖరీదైన గట్టి చెక్క ఉంటేనే సౌండ్ అని చానామంది అనుకుంటరు, అది తప్పు. 1862ల స్పెయిన్‌ల ఆంటోనియో డి టోర్రెస్ అనే గిటార్లు చేసేటాయన వెనక, పక్కలు అట్టతోని చేసి, ముందు మాత్రం స్ప్రూస్ పెట్టి గిటార్ కట్టిండు, అదీ మోగింది! రోజ్‌వుడ్‌తో టోన్ కొంచెం మారుతది, నిజమే, కానీ పైసలు ముందు చెక్క మీద పెట్టుండ్రి, కొనేటప్పుడు ముందు చెక్క సాలిడ్ టాపా (అసలు చెక్క పలకనా) ప్లైవుడ్డా అని తప్పకుండ అడగుండ్రి.