చిట్టీ పాడకండి, ముందు అసెస్‌మెంట్ చేయించండి

ప్రశ్న: మాది హనుమకొండ. బాబుకు ఏడేళ్లు, సీబీఎస్‌ఈ బడిలో రెండో తరగతి. ఆటిజం లక్షణాలున్నాయని పిల్లల డాక్టరు మందుల చీటీ మీద రాసిచ్చారు. ఐదు నిమిషాలైనా ఒకచోట కూర్చోడు. మా ఖర్చుతో నెలకు 15 వేలిచ్చి షాడో టీచరును, అంటే తరగతిలో బాబు పక్కనే ఉండి చూసుకునే మనిషిని, పెట్టుకోవాలని, లేదంటే టీసీ తీసుకోమని బడివాళ్లు అంటున్నారు. థెరపీ సెంటరులో నెలకు 18 వేలు, ఏడాదికి ఒకేసారి కడితే 1.80 లక్షలు. మావారి జీతం 68 వేలు, నాది 32 వేలు. ఇంటి రుణం వాయిదా 24 వేలు, చిట్టీ 20 వేలు, ఇంటి ఖర్చు 35 వేలు, బడికి 6 వేలు పోతాయి. ఎఫ్‌డీ 1.50 లక్షలుంది. మా 5 లక్షల చిట్టీ పాడి ప్యాకేజీ కట్టేసి, నేను ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాం. పాట ఇప్పుడు 1.10 లక్షల దాకా పోతోంది. పన్ను మినహాయింపు ఎంత వస్తుంది?

జవాబు: చిట్టీ పాడకండి. ఉద్యోగం ఇప్పుడే మానకండి. సంవత్సరం ప్యాకేజీ కట్టకండి. మీ ఆత్రుత నాకు అర్థమవుతోంది. పిల్లవాడికి ఏదో ఒకటి వెంటనే చేయాలనిపించడం సహజం. అయితే మీరు చేయబోయే మూడు పనులూ వెనక్కి తీసుకోలేనివి. పైగా బాబుకు అసలు ఏం అవసరమో నిపుణులెవరూ ఇంకా పూర్తిగా చూసి చెప్పలేదు.

మొదట లెక్క చూడండి. ప్యాకేజీ తీసుకుంటే మిగిలేది 36 వేలు. దానికోసం చిట్టీలో 1.10 లక్షలు వదులుకుంటున్నారు. చివరిదాకా ఆగితే పోయేది ఫోర్‌మన్, అంటే చిట్టీ నడిపేవారి, కమీషనే. మధ్యలో థెరపిస్టు మారినా, ఆ పద్ధతి బాబుకు పడకపోయినా కట్టిన డబ్బు తిరిగి రాబట్టడం కష్టం. ఇక నెల ఖర్చులన్నీ పోగా మీ చేతిలో ఉండేది 15 వేలు. థెరపీకీ షాడో టీచరుకూ కలిపి అడుగుతున్నది 33 వేలు. మీ జీతం కూడా ఆగిపోతే ఇల్లు గడవడానికే అప్పు చేయాల్సి వస్తుంది.

అందుకే మొదటి ఖర్చు పూర్తి అసెస్‌మెంట్, అంటే నిపుణులు చేసే పరీక్షల, మీద పెట్టండి. కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్ ఎంతో దూరం కాదు. అక్కడి మనోవికాస్‌నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ, అంటే మేధో వైకల్యాల జాతీయ సంస్థ, ఉంది. పాతవాళ్లు ఇప్పటికీ ఎన్‌ఐఎంహెచ్ అనే అంటారు. ఇది కేంద్ర ప్రభుత్వ సంస్థ. మన దేశంలో ఆటిజం తీవ్రతను కొలవడానికి వాడే ఐఎస్‌ఏఏ స్కేలును రూపొందించింది ఈ సంస్థే. ప్రైవేటులో అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇక్కడ అయ్యేది స్వల్పం. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పాటైన డీఈఐసీ కేంద్రాల్లో, అంటే పిల్లల ఎదుగుదల లోపాలను ముందే గుర్తించే ప్రభుత్వ కేంద్రాల్లో, 18 ఏళ్లలోపు పిల్లలను ఉచితంగా చూస్తారు. అక్కడ తేదీ తొందరగా దొరికితే అక్కడే మొదలుపెట్టండి. ప్రైవేటుకు వెళ్తే మాత్రం, చూసే క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో అడగండి. స్పీచ్ థెరపిస్టునూ స్పెషల్ ఎడ్యుకేటర్‌నూ కూడా అదే ప్రశ్న అడగవచ్చు.

రిపోర్టులో ఏముండాలో కూడా ముందే చెప్పండి. ఆటిజంతో పాటు ఏడీహెచ్‌డీ, అంటే నిలకడ లేకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య, కోసం కూడా చూడమని కోరండి. ఈ రెండూ ఒకే పిల్లవాడిలో ఉండవచ్చని 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5, అంటే అమెరికా మనోవైద్యుల నిర్ధారణ గ్రంథం, అంగీకరించింది. అంతకుముందు రెండింటినీ కలిపి నిర్ధారించే వీలు లేదు. ఆ పాత అలవాటు వల్ల కొందరు ఇంకా 'అంతా ఆటిజమే' అని ఒక్క మాటతో ముగిస్తారు. మీ బాబుకు తరగతిలో ఎదురవుతున్న ఇబ్బంది కూర్చోలేకపోవడమే కాబట్టి, ఆ సంగతి కాగితం మీద లేకపోతే బడిని ఏమని అడుగుతారు? వినికిడి పరీక్ష, తెలివితేటల పరీక్ష, మాట, ఇంద్రియ స్పందనలు కూడా అందులో చేరాలి. చివరి పేజీలో బడి ఏం చేయాలో విడివిడిగా రాయించుకోండి. కిటికీకి, తలుపుకి దూరంగా ముందు బెంచీ, ఒకసారి ఒకే సూచన, మధ్యలో లేచి తిరిగే వీలు, తక్కువ రాతపని, బొమ్మలతో టైంటేబుల్ వంటివి అందులో ఉండవచ్చు. వీటిలో దేనికీ నెలకు 15 వేలు అక్కర్లేదు.

ఇక టీసీ మాట. గుర్తింపు పొందిన ఏ బడీ ప్రాథమిక విద్య, అంటే ఎనిమిదో తరగతి, పూర్తికాకుండా పిల్లవాడిని బహిష్కరించకూడదని 2009 విద్యాహక్కు చట్టంలోని 16వ సెక్షన్ చెబుతోంది. వివక్ష చూపకుండా చేర్చుకొని, పిల్లల అవసరానికి తగ్గ సర్దుబాట్లు చేయాలన్నది 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఆశయం. నోటితో వాదించకండి. రిపోర్టు జతచేసి ప్రిన్సిపాల్‌కు ఉత్తరం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. బడిలో స్పెషల్ ఎడ్యుకేటర్ ఎవరో అందులోనే అడగండి. అప్పటికీ కదలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. చాలాచోట్ల ఆ అవసరం రాకముందే సంభాషణ తీరు మారుతుంది. మీ మండలంలోని భవిత కేంద్రానికి కూడా ఒకసారి వెళ్లి రండి. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు.

యూడీఐడీ కార్డుకు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డుకు, ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయండి. చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, ఏడీహెచ్‌డీకి విడిగా చోటు లేదు. అందువల్ల సర్టిఫికెట్ ఆటిజం పేరుతోనే వస్తుంది. 40 శాతం లేదా అంతకు మించి ఉంటేనే ఎక్కువ సౌకర్యాలు అందుతాయి. పిల్లవాడి మీద ముద్ర పడుతుందని పెద్దవాళ్లు అడ్డుచెబితే, ఆ కార్డు ఎవరికి చూపాలో తల్లిదండ్రుల ఇష్టమేనని చెప్పండి. బోర్డు పరీక్షల నాటికి అదనపు సమయానికీ, మూడో భాష మినహాయింపుకీ అదే ఆధారం. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ ఆరోగ్య బీమాకూ అది కావాలి. ఆ బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు కవర్ వస్తుంది, ఉప పరిమితులకు లోబడి థెరపీ ఖర్చూ ఇస్తారు. ప్రీమియం వందల్లోనే ఉంటుంది. మీవారి కంపెనీ బీమా ఉంది కదా అనుకోకండి, ఆసుపత్రిలో చేరని థెరపీకి ఆ పాలసీలు సాధారణంగా పైసా ఇవ్వవు.

పన్ను గురించి అడిగారు. వైకల్యం ఉన్నవారిని పోషించేవారికి ఇచ్చే, 80డీడీగా పేరుపడిన మినహాయింపు 75 వేలు, వైకల్యం 80 శాతం లేదా అంతకు మించి ఉంటే 1.25 లక్షలు. ఎంత ఖర్చయిందన్న దానితో సంబంధం లేదు. ఆటిజానికి వైద్య ధ్రువపత్రం కావాలి, పాత చట్టంలో అది ఫారం 10-ఐఏ. 2025 ఆదాయపు పన్ను చట్టంలో ఈ సెక్షన్ నంబరు మారింది. అయితే ఇది పాత పన్ను పద్ధతిలోనే దొరుకుతుంది. కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం వరకు పన్ను లేదు. మీవారి ఏడాది జీతం 8.16 లక్షలు, మీది 3.84 లక్షలు. ఇద్దరికీ పన్నే పడనప్పుడు మినహాయింపు వల్ల వచ్చేదేమీ లేదు. దీన్ని చూపి ఎవరైనా పాలసీ అంటగడితే తీసుకోకండి.

మీ 15 వేలలో 12 వేలు థెరపీకి, 3 వేలు మీవారి పేరిట టర్మ్ బీమాకు కేటాయించండి. కోటి రూపాయల కవర్ తీసుకోండి. సెంటరులో నెలవారీ ప్యాకేజీ కాకుండా సెషన్ల లెక్కన కట్టండి. ఇంట్లో మీరేం చేయాలో నేర్పే సెషన్లు అందులో తప్పక ఉండాలి. ఆసుపత్రికీ, ప్రయాణానికీ ఎఫ్‌డీ నుంచి 25 వేలు తీయవచ్చు, మిగతాది ముట్టకండి. మీరు అలసిపోయారని ఉత్తరంలోనే తెలుస్తోంది. ఉద్యోగం మానే బదులు వంటకు మనిషిని పెట్టుకోండి, ఆఫీసులో సెలవులు, షిఫ్టు మార్పు అడగండి.

ఇంకొకటి. 18 నిండాక, బాబుకు సంరక్షకులు అవసరమని తేలితే, తల్లిదండ్రులైనా కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేయాల్సిందే. ఇప్పుడు వీలునామా రాసి అందులో సంరక్షకుల పేరు పెట్టండి. చిట్టీ ముగిసి డబ్బు వచ్చినప్పుడు దాన్ని బాబు పేరిట కాకుండా మీ ఇద్దరి పేరిట ఉంచండి. అసెస్‌మెంట్ రిపోర్టు, సెంటరువారి సెషన్ రేట్లు అందాక నాకు రాయండి. 12 వేలలో ఏ థెరపీ ఉంచాలో, ఏది వదలాలో అప్పుడు లెక్క వేద్దాం.