చురుకైన పిల్లలకు భాష చెప్పాలనుకుంటే

ప్రశ్న: మాది వరంగల్ జిల్లాలో ఒక మండల కేంద్రం. ఎం.ఏ. తెలుగు పూర్తి చేసి ఇప్పుడు బీఈడీ రెండో సంవత్సరం చదువుతున్నాను. టీచింగ్ ప్రాక్టీస్‌లో ఏడో తరగతికి పాఠం చెబుతుంటే ఇద్దరు పిల్లలు అయిదు నిమిషాల్లో జవాబులన్నీ రాసేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంటున్నారు. వాళ్లకు ఇంకేం చెప్పాలో నాకు తోచడం లేదు. అలాంటి పిల్లలకు పై స్థాయి భాష నేర్పడమే వృత్తిగా చేసుకోవాలని ఉంది. తెలుగు టీచర్లకు భవిష్యత్తు లేదని, గ్రూప్స్‌కు చదవమని నాన్నగారు అంటున్నారు. ఇలాంటి ఉద్యోగం మన దగ్గర ఉందా? ఎలా సిద్ధం కావాలి?

జవాబు: మీరు కోరుకుంటున్న పేరుతో మన నోటిఫికేషన్లలో పోస్టు ఉండదు. అమెరికాలో టెక్సాస్ వంటి రాష్ట్రాల్లో ప్రతిభ గల పిల్లలకు పాఠం చెప్పే ఉపాధ్యాయులు తొలుత 30 గంటలు, ఆపై ఏటా 6 గంటలు ప్రత్యేక శిక్షణ పొందాలన్న నిబంధన ఉంది. మన జాతీయ విద్యా విధానం 2020 కూడా ఇలాంటి పిల్లల బోధనను బీఈడీలో ఒక ప్రత్యేక అంశంగా చదివే వీలు కల్పించవచ్చని పేర్కొంది. అయినా నియామకం జరిగేది తెలుగు టీచరు పోస్టుకే. మీరు చెప్పిన పనిని ఆ పోస్టు లోపల మీరే ఏర్పరచుకోవాలి. అలా ఏర్పరచుకోవడానికి ఎక్కువ వీలున్న చోటు ఏదన్నదే మీరు అడగవలసిన అసలు ప్రశ్న.

నా దృష్టిలో మొదటి చోటు జవహర్ నవోదయ విద్యాలయాలు. 1986 విద్యా విధానంలో భాగంగా, ముఖ్యంగా పల్లెల్లోని ప్రతిభ గల పిల్లల కోసం ఏర్పడిన బడులివి. ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో 80 ప్రశ్నలకు 100 మార్కులుంటాయి. మేధాశక్తి ప్రశ్నలకు 50, లెక్కలకు 25, భాషకు 25 మార్కులు. భాషా విభాగంలో పేరాలు చదివి సరైన జవాబును గుర్తించడమే తప్ప పిల్లవాడు సొంతంగా ఒక్క వాక్యమైనా రాయనవసరం లేదు. కాబట్టి చిక్కు లెక్కలను చిటికెలో విప్పే పిల్లలు రాతలో ఎలా ఉంటారో ఎవరూ చూడకుండానే మీ ముందుకు వస్తారు. దాన్ని మొదట చూసేది భాషా ఉపాధ్యాయురాలే. అక్కడ టీజీటీ (ఉన్నత పాఠశాల తరగతులకు చెప్పే పట్టభద్ర ఉపాధ్యాయుల) పోస్టు ఏడో పే లెవెల్‌లో ఉంటుంది, మూల వేతనం 44,900 రూపాయల నుంచి మొదలవుతుంది. ఇది నివాస పాఠశాల గనుక సాయంత్రాలు, ఆదివారాలు కూడా పిల్లలతోనే గడుస్తాయి. తొమ్మిదో తరగతిలో కొందరు పిల్లలను ఏడాదిపాటు వేరే భాషా ప్రాంతపు నవోదయకు పంపే పద్ధతి ఉన్నందున, అలా వెళ్లిన మన పిల్లలకు తెలుగు చెప్పడానికి తెలుగు టీచరుకు హిందీ రాష్ట్రంలో పోస్టింగ్ రావడానికీ అవకాశం ఉంది. ఈ రెండు సంగతులూ ఇంట్లో ముందే చెప్పండి.

రెండో చోటు గురుకులాలు. 1971లో పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా సర్వేల్‌లో మొదలైన ఈ సంప్రదాయం తర్వాత తాడికొండ, కొడిగెనహళ్లి వంటి చోట్లకు విస్తరించింది. పల్లె పిల్లల్లోని ప్రతిభను వెతికి పట్టుకోవాలన్న ఆలోచనే దానికి మూలం. డీఎస్సీ (రాష్ట్ర ప్రభుత్వ ఉపాధ్యాయ నియామక పరీక్ష) ద్వారా మామూలు ప్రభుత్వ బడికి వెళ్లినా నష్టమేమీ లేదు, ఎందుకంటే ఆ ఇద్దరు పిల్లలు మీకు కనిపించింది అలాంటి తరగతిలోనే. అర్హతల్లో మాత్రం పొరపాటు జరగకూడదు. బీఈడీలో మీ మెథడాలజీ (బోధనా పద్ధతులు నేర్చుకునే సబ్జెక్టు) తెలుగే అయి ఉండాలి, డిగ్రీలో తెలుగు ఏ హోదాలో చదివారో మెమోలో స్పష్టంగా ఉండాలి. నవోదయకు సీటెట్ (కేంద్ర ఉపాధ్యాయ అర్హత పరీక్ష) పేపర్ 2, రాష్ట్ర పోస్టులకు టెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష) పేపర్ 2 రాయండి. ఈ అర్హత ఇప్పుడు జీవితకాలం చెల్లుతుంది గనుక బీఈడీ చివరి సంవత్సరంలోనే ఆ పని ముగించుకోవడం మేలు.

నాన్నగారి ఆందోళన అర్థం లేనిది కాదు. నోటిఫికేషన్ల మధ్య ఏళ్ల తరబడి ఎదురుచూపులు ఉంటాయి, ప్రైవేటు బడుల్లో తెలుగు టీచరుకు జీతమూ గౌరవమూ లెక్కల టీచరుతో సమానంగా దక్కవు. కానీ ఆ ఎదురుచూపు గ్రూప్స్‌లోనూ ఉంది. రెండేళ్ల గడువు పెట్టుకుని, ఆలోగా టెట్, సీటెట్ రెండూ పూర్తి చేస్తానని ఆయనకు చెప్పి చూడండి.

ఇక మీరు తోచడం లేదన్న విషయానికి వస్తాను. ఉద్యోగం దొరకడం కంటే ఇది కష్టమైన భాగం, మీరు దాన్ని ఇప్పుడే గుర్తించడం నాకు నిజంగా సంతోషం కలిగించింది. పని త్వరగా ముగించిన పిల్లవాడికి మనం సాధారణంగా తొమ్మిదో తరగతి పాఠం ఇస్తాం, లేదా మరో పది పద్యాలు బట్టీ పెట్టిస్తాం, అదీ కాకపోతే పక్కవాళ్ల నోటుపుస్తకాలు దిద్దమంటాం. మొదటి రెండూ బరువు పెంచుతాయే తప్ప లోతు పెంచవు, మూడోది పిల్లవాడి సమయాన్ని మన పనికి వాడుకోవడం. ఏడో తరగతి పిల్లకు ఏడో తరగతి వాక్యమే చాలు, దాన్ని ఎంత లోతుగా తవ్విస్తామన్నదే ముఖ్యం.

ఒక ఉదాహరణ చెబుతాను. నేను వెనక బెంచీలో కూర్చుని చూసిన ఒక తరగతిలో టీచరు బోర్డు మీద అయిదు వాక్యాలు రాశారు: వాన వచ్చింది. వానే వచ్చింది. వానా వచ్చింది. వాన వచ్చేసింది. వాన రానే వచ్చింది. ప్రతి వాక్యాన్నీ ఎవరు, ఎక్కడ, దేని తర్వాత అని ఉంటారో చెప్పమన్నారు. కరెంటు పోయి, దీపంలో నూనె అయిపోయి, పైగా 'వానా వచ్చింది' అని ఒకమ్మాయి చెప్పింది. మిద్దె మీద బట్టలు ఆరేసిన వాళ్లమ్మ 'వచ్చేసింది' అంటుందని మరొకరన్నారు. 'రానే వచ్చింది' దగ్గర తరగతి ఆగింది. ఎదురుచూసిన రైతు అంటాడని అందరూ ఒప్పుకున్నాక, ఒక అబ్బాయి లేచి, కల్లంలో వడ్లు ఆరబోసి వాన రాకూడదని మొక్కుకున్నవాడు కూడా అదే మాట అంటాడు కదా, మరి సంతోషమో ఏడుపో వాక్యంలో ఎక్కడుంది అని అడిగాడు. టీచరు జవాబు చెప్పలేదు. అదే వాక్యం రెండుసార్లు, రెండు వ్యతిరేక భావాలతో వచ్చేలా ఒక పేరా రాసుకు రమ్మన్నారు. వ్యాకరణం, చదవడం, రాయడం మూడూ ఆ ఒక్క పనిలో ఉన్నాయి, మిగతా తరగతి కూడా వెనకబడలేదు.

మాండలికాన్నీ ఇలాగే వాడుకోవాలి. మీ జిల్లా పిల్ల 'వస్తుండు' అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసే అలవాటు మన బడుల్లో ఉంది. ఆ మాటను 'వస్తున్నాడు' పక్కన నిలబెట్టి, కథలో సంభాషణకు ఏది, పరీక్ష జవాబుకు ఏది, ఎందుకు అని అడిగితే అదే పై స్థాయి పాఠమవుతుంది. చురుకైన పిల్లలందరి రాతా శుభ్రంగా ఉండదన్నది కూడా గుర్తుంచుకోండి. ఆలోచన చేతికంటే ముందు పరుగెత్తే పిల్లల వాక్యాల్లో ఒత్తులు, దీర్ఘాలు జారిపోతాయి. తప్పులు లెక్కపెట్టి మార్కులు వేసే కంటికి ఆ ఆలోచన కనబడదు. అలాగే, ఇరవై పేజీల వ్యాసం కింద ఒక్క 'బాగుంది' రాసి వదిలేస్తే ఆ పిల్ల మళ్లీ అంత శ్రమ పడదు. ఫలానా పేరాలో నీ వాదన ఎందుకు తడబడిందని ఒక ప్రశ్న రాస్తే, రెండో ప్రతి రాసుకుని వస్తుంది.

టీచింగ్ ప్రాక్టీస్ ఇంకా మిగిలి ఉంటే, కొత్త పాఠం మొదలుపెట్టే ముందే దాని చివరి ప్రశ్నలు ఆ ఇద్దరికీ ఇవ్వండి. వచ్చినవాటిని వాళ్లతో మళ్లీ చేయించకుండా, ఆ మిగిలిన సమయంలో వాన వాక్యాల వంటివి ఇవ్వండి, ఇంట్లో నానమ్మ మాటల్లోంచి అలాంటివి మూడు ఏరుకు రమ్మనండి. వాళ్లు ఏమన్నారో, మీరు ఎక్కడ తొందరపడి జవాబు చెప్పేశారో అదే రోజు రాత్రి ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. రేపు ఏ బడి డెమో క్లాసుకు పిలిచినా అందులోంచే ఒక పాఠం తీసుకుని వెళ్లవచ్చు.