ధ్రువ ప్రాంతపు మంచులో దొరికే ప్లాస్టిక్ పరిశోధకుల బట్టలది కాదని ఎలా తెలుస్తుంది?

మనుషులు దాదాపు లేని చోట దొరికే మైక్రోప్లాస్టిక్ (5 మిల్లీమీటర్ల కన్నా చిన్న ప్లాస్టిక్ ముక్కలు, పోగులు) అక్కడికి వెళ్లిన పరిశోధకుల నుంచే రాలినది కావచ్చు కదా అని మీరు అడిగారు. ఆ అనుమానం న్యాయమైనదే. ఆర్కిటిక్‌లోని నార్వే దీవుల సముదాయం స్వాల్‌బార్డ్‌లో మంచు నమూనాలు సేకరించిన బృందంలో పనిచేశాను కాబట్టి, దీనికి మేమేం చేశామో చెబుతాను.

చలికి వేసుకునే జాకెట్లు, గ్లవ్స్, సామాను కట్టే తాళ్లు, పడవకు వేసిన రంగు, అన్నిటిలోనూ ప్లాస్టిక్ ఉంటుంది. అందుకే గాలి మంచు మీదుగా మావైపు వీచేలా నిలబడి, స్టీలు చెంచాతో మంచును గాజు సీసాలోకి ఎత్తేవాళ్లం. ఆ పని జరుగుతున్నంతసేపూ, వడగట్టిన నీళ్లున్న మరో సీసాను పక్కనే మూత తీసి ఉంచేవాళ్లం. దీన్ని బ్లాంక్ అంటారు. ల్యాబ్‌లో రెండింటినీ ఒకే రకం ఫిల్టర్‌తో వడగట్టి చూస్తే, బ్లాంక్‌లో కూడా నారింజ రంగు పోగులు కనబడేవి. అవి మా జాకెట్ల పోగులతో రంగులోనూ ఇన్‌ఫ్రారెడ్ వర్ణపటంలోనూ (అది ఏ రకం ప్లాస్టిక్కో చూపే కాంతి గుర్తు) సరిపోలితే, మంచులో దొరికిన అలాంటి పోగులన్నిటినీ లెక్కలోంచి తీసేసేవాళ్లం. ప్రతి ఒక్కరి బట్టల నుంచీ ఒక పోగు తీసి ముందే భద్రపరిచేది ఇందుకే. బ్లాంక్‌లో ఏం దొరికిందో చెప్పని నివేదికను నేను నమ్మను.

అంకెలను పోల్చేటప్పుడు కూడా అంతే జాగ్రత్త కావాలి. 2018లో జర్మనీకి చెందిన ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థ పరిశోధకులు ఆర్కిటిక్ సముద్రపు మంచులో లీటరుకు 12,000 వరకు కణాలున్నాయన్నారు. 2022లో అంటార్కిటికాలోని రాస్ దీవి ప్రాంతంలో కొత్తగా కురిసిన మంచులో, కరిగించిన లీటరు నీటికి సగటున 29 దొరికాయి. దక్షిణం అన్ని రెట్లు శుభ్రంగా ఉందని దీని అర్థం కాదు. మొదటిది గరిష్ఠం, రెండోది సగటు. ఒకటి గడ్డకట్టిన సముద్రపు నీరు, మరొకటి ఆకాశం నుంచి పడినది. పైగా మొదటి అధ్యయనంలోని కణాల్లో సగానికి పైగా 0.05 మిల్లీమీటరు కన్నా చిన్నవి. అంత చిన్నవాటిని పట్టలేని పద్ధతితో వెదికి ఉంటే లెక్క ఎంతో తగ్గిపోయేది.

కాలక్రమంలో మార్పు తెలుసుకోవడానికి నాకు ఎక్కువ నమ్మకం కలిగించేవి తీరపు చెత్త, ఫుల్మార్ అనే సముద్రపక్షి. ఈశాన్య అట్లాంటిక్ సముద్రాన్ని కాపాడేందుకు దేశాలు చేసుకున్న ఒప్పందం ఓస్పార్. దాని పద్ధతిలో 100 మీటర్ల తీరాన్ని ఎంచుకుని, మళ్లీ మళ్లీ అక్కడికే వెళ్లి ప్రతి వస్తువునూ రకాలవారీగా లెక్కిస్తారు. స్వాల్‌బార్డ్ తీరాల్లో చేపల వలల ముక్కలు, తాళ్లు విపరీతంగా కనబడతాయి. ఇక చనిపోయిన ఫుల్మార్ల కడుపులో 1 మిల్లీమీటరు, అంతకు పెద్ద ముక్కలనే తూస్తారు కాబట్టి, మా బట్టల పోగులు ఆ లెక్కను తారుమారు చేయలేవు. 0.1 గ్రాము మించి ప్లాస్టిక్ ఉన్న పక్షులు 10 శాతం లోపే ఉండాలన్నది ఓస్పార్ పెట్టుకున్న లక్ష్యం.